ఒకే డ్రమ్మర్, ఐదు రికార్డులు, మా ఇంటావిడ కాలు

మొన్న మన గ్రామఫోను రికార్డుల గ్రూపులో నా అలమర ఫోటో పెడితే ఒక తమ్ముడు అడిగాడు, "అంకుల్, ఒకే రికార్డు ఐదు కాపీలు పెట్టుకున్నారేంటి, ఏమైనా తేడా చేసిందా?" అని. చేసింది తమ్ముడూ, ఇరవై ఏళ్ళ కిందటే చేసింది. కాకపోతే ఆ ఫోటో పాతది. ఇప్పుడు ఐదు లేవు, నాలుగే. ఐదోది ఎటు పోయిందో చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పుకు రావాలి.

రాక్ బ్యాండులో అందరూ పాడేవాణ్ణి చూస్తారు, గిటారు వాణ్ణి చూస్తారు. వెనకాల కూర్చుని చెమటోడ్చి కొట్టేవాణ్ణి ఎవడూ చూడడు. అలాంటి ఒక డ్రమ్మర్, బ్యాండు విడిపోయాక సొంతంగా ఒకే ఒక్క రికార్డు చేశాడు. పాటలు కూడా తనే పాడాడు. పాడటం రాదు పాపం. అట్ట మీద బొమ్మలో కూడా సగం మొహం డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి తాళం వెనకాలే ఉంటుంది. కానీ ఆ డ్రమ్ములు ఉన్నాయి చూశారూ, నేను లేత్ మెషీన్ మీద పనిచేస్తాను, నాకు తెలుసు, చెయ్యి తిరిగిన పనివాడి దెబ్బ ఎలా ఉంటుందో. ఒక్కటి కూడా వృథాగా పడదు.

ఆ రికార్డు చాలా చోట్ల అచ్చయింది. ఒక్కో చోట ఒక్కోలా పలుకుతుంది. నా దగ్గర ఐదు రకాలు చేరాయి. మొట్టమొదట అచ్చేసింది మందంది. జపాన్‌లో వేసిందాన్ని జపానుది అంటాం. తర్వాతెప్పుడో వేసిన నీలం లేబులుది ఒకటి. రికార్డుల క్లబ్బు వాళ్ళు సభ్యులకి పోస్టులో పంపింది ఒకటి. ఇక సన్నది. వేలితో ఇలా అంటే అప్పడంలా ఊగుతుంది, కానీ దొరకదు. దాని కోసం మూడేళ్ళు తిరిగాను. అన్నిటి మందం వెర్నియర్‌తో కొలిచి నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. నవ్వకండి, మీలో సగం మంది ఇంతకన్నా ఘోరం.

మా ఇంటావిడ దర్జీ. పక్క గదిలోనే కుడుతుంది. కాలితో తొక్కే పాత మిషను. మోటారు బిగిస్తానే అని ఎన్నిసార్లు అన్నానో. "కాలు తీసేస్తే కుట్టు నా మాట వినదు" అంటుంది. మధ్యలో ఒక్క గోడ. ఇటు నేను రికార్డు పెట్టుకుంటాను, అటు ఆవిడ కుట్టుకుంటుంది. ఇన్నేళ్ళలో రికార్డు గురించి ఒక్క మాట అనలేదు. వినపడదేమో అనుకున్నాను.

ఈ మధ్య ఆవిడకి ఒక లాడ్జి వాళ్ళ ఆర్డరు వచ్చింది. కర్టెన్లు, దిండు గలీబులు, మొత్తం అరవై గదులకి. ఇంటినిండా తానులే. మంచం కింద తాను, ఫ్రిజ్ మీద తాను, ఒకరోజు స్నానానికి వెళ్తే అక్కడ కూడా ఒకటి నన్ను చూసింది. ఇంట్లో పొడుగాటి అలమర ఒక్కటే, దాన్నిండా నా సామాను.

"ఒకే మనిషి, ఒకే డప్పు, ఐదు అట్టలు" అంది ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని. "ఒకటుంచుకుని తక్కినవి తీసెయ్యండి."

"ఒకటి కాదే అవి. దేని గొంతు దానిదే."

"అయితే కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పండి. చెప్తే అలమర మీదే."

సరిగ్గా ఆ టైముకి మా బావ సోఫాలో ఉన్నాడు. మా అక్క మొగుడు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేవాడు, ఈ మధ్యే రిటైరయ్యాడు. నా అంతే పిచ్చి. నా జపాను దాని మీద పదేళ్ళుగా కన్ను. మాట వినగానే లేచి కూర్చున్నాడు.

"నేను పెడతాను పరీక్ష. ఓడిపోతే నాలుగూ మా ఇంటికి. సరేనా చెల్లెమ్మా?"

"సరే అన్నయ్యా. సంచీ మీరే తెచ్చుకోండి."

ఐదింటికి నాలుగు చెప్తే చాలన్నాడు బావ. మా అమ్మాయి లెక్కల్లో గట్టిది, పడీ పడీ నవ్వింది. "మావయ్యా, నాలుగు కరెక్టైతే ఐదోది కరెక్టవ్వక ఏం చేస్తుంది?" చివరికి మూడుకి ఒప్పుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం.

పైకి ధీమాగానే ఉన్నాను కానీ లోపల భయంగానే ఉంది. నాలుగు రికార్డులు పోతాయనే కాదు. ఇరవై ఏళ్ళు గోడ ఇవతల కూర్చుని విన్నదంతా ఉత్తదేనని ఆవిడ ముందు తేలిపోతుందేమోనని. ఆవిడ ఏమీ అనదు. ఏమీ అనకపోవడమే నాకు భయం.

అందుకని శనివారం ఒక పని చేశాను. పరీక్షకి వెళ్ళే పిల్లవాడికి తల దువ్వినట్టు, ఐదింటినీ శుభ్రంగా కడిగాను. బ్యాటరీ షాపులో దొరికే స్వచ్ఛమైన నీళ్ళు, అందులో ఒక్క చుక్క షాంపూ, మెత్తటి గుడ్డ, గీతల వెంబడి గుండ్రంగా. పళ్ళేలు ఆరబెట్టుకునే స్టాండులో నిలబెట్టాను.

"నాన్నా, పాటలు ఆరేశారా?" అంది మా అమ్మాయి. తళతళలాడిపోయాయనుకోండి.

ఆదివారం బావ వచ్చాడు. నిజంగానే సంచీ తెచ్చాడు, మధ్యలో పెట్టడానికి పాత పేపర్లతో సహా. నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి కళ్ళకి తువ్వాలు కట్టాడు. చూపు ఆనుతోందేమోనని మొహం ముందు మూడు వేళ్ళు ఊపాడట, అమ్మాయి చెప్పింది. రిటైరైనా బుద్ధి పోదు. మా ఇంటావిడ "నాకు పనుంది" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

బావ మొదటి రికార్డు పెట్టాడు. సూది వాలింది.

నా పని అయిపోయింది. ఎందుకో చెప్పనా? పాట మొదలయ్యే ముందు చిటపట ఉంటుంది చూడండి. మందందానికి నూనెలో ఆవాలు పడ్డట్టు ఉండేది. నీలం దానికి మూడు చిటపటలు, ఒక ఖాళీ, మళ్ళీ రెండు. జపానుది ఒక్కటే చిటుక్కు. ఇన్నేళ్ళూ నేను గుర్తుపట్టింది వాటితో. పాటతో కాదు, దుమ్ముతో! ఆ దుమ్ము మొత్తం నిన్న నా చేత్తో నేనే కడిగేశాను. ఇప్పుడు ఐదూ ఒకేలా నిశ్శబ్దంగా మొదలవుతున్నాయి, కొత్తగా దిగిన చుట్టాల్లాగా.

సరే, తాళం మోత బట్టి చెబుదామనుకున్నాను. లేత్, గ్రైండరు పక్కన ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడ్డ చెవులివి. సన్న శబ్దాలు ఎప్పుడో పోయాయి. పక్కింటి పిల్లి మెడలో గంట ఉందని మొన్నటిదాకా నాకు తెలీదు. అయినా ధైర్యంగా ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయాను. చివర్లో పెట్టిన క్లబ్బుది ఒక్కటే కరెక్టు. దానికి రెండో చరణంలో గీత పడి టక్కుమంటుంది. గీత కడిగితే పోదు కదా.

"ఐదింటికి ఒకటి" అంది అమ్మాయి మెల్లగా, నాకు బాధేస్తుందని.

నేను తువ్వాలు విప్పలేదు. విప్పితే బావ మొహం చూడాలి. పేపర్లు పరుస్తున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

"మూడోసారి పెట్టింది ఆ మందందే కదా? జపానుది అన్నారేంటండీ?"

తువ్వాలు లాగేశాను. మా ఇంటావిడ, మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. బావ రికార్డు తీసి, లేబులు పక్కన నున్నటి జాగాలో గీకిన, ఏ అచ్చో తెలిపే నంబరు భూతద్దంతో చూశాడు. మందందే.

"చెల్లెమ్మా, నువ్వు తలుపు సందులోంచి చూశావు."

"నాకేం పని లేదనుకున్నారా? మొదటిది నీలంది, రెండోది సన్నది."

బావ ఉద్యోగ జీవితంలో ఎవర్నీ నమ్మి ఎరగడు. మళ్ళీ పెట్టాడు పరీక్ష. ఆవిడ్ని లోపల కూర్చోబెట్టి, తలుపేసి, కింద సందులో దుప్పటి కుక్కి, వరస మార్చి. ఒక్కోటి పెట్టినప్పుడల్లా లోపల్నుంచి కేక. "జపానుది!" "క్లబ్బుది!" మధ్యలో మిషను చప్పుడు ఆగనే లేదు. ఐదుకి ఐదు.

"ఎలా చెప్పావే?" అన్నాను.

"నేనేం చెప్పలేదు. కాలు చెప్పింది." ఆవిడకి ఇందులో వింతేమీ కనపడలేదు. "గోడలోంచి మీ పాట రాదు, ఆయన పెద్ద డ్రమ్ము ఒక్కటే వస్తుంది. మందంది పెడితే కాలు నిదానంగా, బరువుగా పడుతుంది. కర్టెన్లు దాని మీదే కుడతాను. జపానుది కాస్త పరుగు. దానికి గలీబులు. నీలంది మధ్యరకం, చొక్కాలకి బాగుంటుంది. క్లబ్బుది టక్కుమన్నప్పుడల్లా కాలు తడబడుతుంది, దానికి బొత్తాలు కుట్టుకుంటాను."

"మరి సన్నది?"

"అది అసలు గోడ దాటదు. అది పెట్టిన రోజు రేడియో పెట్టుకుంటాను."

బావ ఫోన్లో టైము పెట్టి చూశాడు. మొదటి పాట మందందానికన్నా జపాను దాంట్లో ఆరు సెకన్లు ముందే అయిపోయింది. ఆరు సెకన్లు! నేను వెర్నియర్ పట్టుకుని మందాలు కొలిచాను, ఒక్కసారి కూడా గడియారం పెట్టి చూడలేదు. ఆవిడ చూడకుండానే తొక్కేస్తోంది.

బావ సంచీ వైపు చూశాడు. "పందెం పందెమే చెల్లెమ్మా."

"పందెం కట్టింది నేను అన్నయ్యా. ఏది ఏదో చెప్తే అలమర ఆయనదే అన్నాను. ఐదూ ఈ ఇంట్లోంచే చెప్పాం కదా." ఆవిడ నావైపు తిరిగింది. "అయినా ఆ నాలుగూ పంపేస్తే ఆర్డరు ఎలా పూర్తి చెయ్యను? మీరు మాత్రం ఆ అలమర ఖాళీ చెయ్యండి. రికార్డులు నా గదిలో, మిషను పైన పెట్టండి. తానులు ఇక్కడికొస్తాయి."

తర్వాత కాస్త ఆలోచించి సన్నది తీసి బావ చేతిలో పెట్టింది. "ఇది మీరు తీసుకెళ్ళండి. మా పనికి రాదు."

మూడేళ్ళు వెతికిన రికార్డు. దాని అట్ట వెతికి నేనే బావకిచ్చాను. నిజం చెప్పొద్దూ, పెద్దగా బాధ కూడా వెయ్యలేదు.

మర్నాడు మా లేత్ షాపులో రెండు బ్రాకెట్లు తయారు చేసి తెచ్చి, మిషను పైన గోడకి బల్ల కొట్టాను. రాత్రి బావ ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇది నిజంగానే గోడ దాటట్లేదు. మీ అక్క పక్క గదిలో ఉండి కూడా ఆపమని ఒక్క మాట అనలేదు. పదేళ్ళుగా జపానుది జపానుది అని ఎందుకు ఏడ్చానో!"

ఇప్పుడు పని నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని ఆవిడ గది గుమ్మం దగ్గర నిలబడతాను.

"ఈరోజు ఏం కుడుతున్నావు?"

"కర్టెన్లు. ఇంకా పద్దెనిమిది గదులున్నాయి."

మందంది తీసి, ఇవతలకొచ్చి పెడతాను. నా కుర్చీ ఇదివరకు స్పీకర్ల ఎదురుగా ఉండేది. ఇప్పుడు గోడకి ఆనించాను. రెండు దెబ్బలు పడేసరికి అవతల మిషను అందుకుంటుంది. ఆ డ్రమ్మర్ వెనకాల ఇంకెవరో కూర్చుని కొడుతున్నట్టు ఉంటుంది తమ్ముడూ. అది ఏ కాపీలోనూ లేదు, మా ఇంట్లో తప్ప.