ఖాళీగా వదలకూడని గడి

మా కంపెనీకీ, ఎదురు వీధిలోని కంపెనీకీ మధ్య ఒక మాట ఉండేది. మీ ఉద్యోగుల్ని మేం తీసుకోం, మా వాళ్ల జోలికి మీరు రాకండి. ఎక్కడా కాగితం మీద లేదు. పెద్దలు అనుకున్నారు, హెచ్‌ఆర్‌లో ఉన్న నేను అమలు చేశాను.

చిక్కల్లా ఒక్కటే. దరఖాస్తు తిప్పి పంపాలంటే కంప్యూటర్లో జాబితాలోంచి ఒకటి ఎంచి 'కారణం' అన్న గడి నింపాలి. ఖాళీగా వదిలితే ఫైలు మూసుకోదు. అసలు కారణం ఆ జాబితాలో ఎందుకుంటుంది? అందుకని అన్నిటికంటే పైనున్నది నొక్కేవాణ్ణి: 'ఆలోచనలో వేగం చాలదు'.

ఎదురు కంపెనీలో పనిచేసే మా తోడల్లుడి దరఖాస్తు వచ్చినప్పుడూ అదే నొక్కాను. ఆన్‌లైన్ పరీక్ష అందరికంటే ముందు ముగించినవాడు. పేరు చూశాక చెయ్యి ఆగిందా అంటే, ఆగలేదు. నొక్కి, టీ తాగాను.

ఆ ఆదివారం ఇంటికొచ్చాడు.

"అన్నయ్యా, నాకు వేగం తక్కువట. ఏం చెయ్యమంటావు?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. "సాధన చెయ్యి" అన్నాను. సలహా ఒకటి మళ్లీ, సిగ్గులేని ముఖానికి.

చేశాడు పాపం. నాలుగేళ్లలో ఇంకో రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు. అదే గడి, అదే వేలు. మునుపు పేకాటలో మూడు ముక్కలు పడేసరికే ఎవరి చేతిలో ఏముందో చెప్పేసేవాడు. ఇప్పుడు ముక్క పట్టుకుని అలా కూర్చుండిపోతాడు.

"వేసేయండి, తెల్లారిపోయేలా ఉంది" అంటుంది మా మరదలు.

"ఉండవే, తొందరపడితే తప్పు చేస్తాను" అంటాడు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. లోపల ఏమీ కదలదు.

మొన్న కోర్టు కంపెనీల మధ్య అలాంటి ఒప్పందాలు చెల్లవంది. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాను.

"మళ్లీ దరఖాస్తు పెట్టు. ఈసారి వస్తుంది."

"ఎందుకొస్తుంది అన్నయ్యా?"

మొత్తం చెప్పాను. పెద్దల మాట, గడి, మూడుసార్లూ నొక్కింది నేనేనని కూడా. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండును అనిపించింది.

చివరికి నెమ్మదిగా అన్నాడు.

"నేను బాధపడకూడదని ఇంత కథ అల్లావా? తప్పు నీ నెత్తిన కూడా వేసుకున్నావు. నీది మంచి మనసు అన్నయ్యా. వద్దులే, నా బుర్ర సంగతి నాకు తెలీదూ?"