లిఫ్టు మోయని మనిషి

పేపరు వేసేవాళ్ళు, ఆఫీసులకి పరుగెత్తేవాళ్ళు, బ్యాగులు మోసుకుంటూ స్కూలుకెళ్ళే పిల్లలు, అందరికీ ఆ బిల్డింగులో ఒకటే లిఫ్టు. ఆరుగురు పడతారు. బరువు ఎక్కువైతే గంట మోగుతుంది, తలుపు మూసుకోదు. ఏ లిఫ్టయినా అంతే. కాకపోతే ఇది మనసులో మోస్తున్న బరువు కూడా తూచేది. ఏదైనా పెద్ద సంగతి దాచుకున్న మనిషి ఎక్కితే చాలు, గంట మోగేది. ఆ మనిషి "అయ్యో, ఫోను మర్చిపోయాను" అని దిగిపోయి మెట్లదారి పట్టేవాడు. మిగతావాళ్ళు అటు చూడరు, ఎందుకని అడగరు. అది ఆ బిల్డింగు మర్యాద. ఒకసారి మెకానిక్కుని పిలిపిస్తే అంతా విప్పి చూసి, యంత్రంలో ఏ దోషమూ లేదని తేల్చి, తను మాత్రం మెట్లు దిగి వెళ్ళాడు.

ఐదో అంతస్తులో బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఒకాయన, ఆయన భార్య, కొడుకు, కూతురు ఉండేవాళ్ళు. ఏళ్ళ తరబడి క్లచ్చు తొక్కి తొక్కి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. లిఫ్టు లేకపోతే గడప దాటలేడు. కొడుకు మాత్రం లిఫ్టు ఎక్కేవాడు కాదు. పొద్దున దిగడం మెట్ల మీదే, సాయంత్రం ఎక్కడం మెట్ల మీదే. అడిగితే "మెట్లెక్కితే ఒంటికి మంచిది" అనేవాడు. డ్రైవరు ఆ మాట పట్టుకుని కనపడ్డవాళ్ళకల్లా చెప్పేవాడు: "మావాడు ఇంజనీరు. అయినా చూడండి, ఒళ్ళు ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో!"

అసలు సంగతి వేరు. ఇంజనీరింగ్ పాసయ్యాక కొడుకు చాలా ఇంటర్వ్యూలకి తిరిగాడు. చివరికి ఒక గోడౌనులో పెట్టెలకి లేబుళ్ళు అంటించే పని దొరికింది. మొదటి రోజు ఇంటికి రాగానే తల్లి వాకిట్లోనే అడిగింది, "ఇంజనీరు పనేనా నాన్నా?" ఆవిడ ముఖం చూసి వాడు "ఊ" అన్నాడు. అబద్ధమంతా ఆ ఒక్క ఊకొట్టడమే. మర్నాడు లిఫ్టులో కాలు పెడితే గంట మోగింది. గోడౌనులో ఇచ్చిన నీలం కోటు అక్కడే వదిలేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తేలు కుట్టిన దొంగలా మెట్లెక్కి ఇంటికొచ్చేవాడు.

అలాగే రోజులు వెళ్ళిపోయేవేమో. ఇంతలో చెల్లెలికి ఇంటరయింది.

ఆ పిల్లని ఇంట్లో చిట్టి అంటారు. దాని చేతికి సబ్బు దొరికితే స్నానానికి మిగలదు, పన్నుగా చెక్కేస్తుంది. అచ్చం నోట్లోంచి ఊడిపడ్డట్టే ఉంటాయి ఆ పళ్ళు. కట్టుడు పళ్ళు తయారుచేసే వర్క్‌షాపొకటి బజారు అవతల ఉంది. దాన్ని నడిపే ఆవిడ ఆ సబ్బు పళ్ళు చూసి, పనిలో చేరు, నేర్పిస్తానంది. అదే వారం చిట్టికి అన్నయ్య చదివిన కాలేజీలోనే ఇంజనీరింగ్ సీటు కూడా వచ్చింది.

"పళ్ళు చేసుకుంటూ కూర్చుంటావా?" అన్నాడు డ్రైవరు అన్నం దగ్గర. "ఇంజనీరింగైతే ఉద్యోగమే వచ్చి తలుపు తడుతుంది. మీ అన్నయ్యని చూడు. స్టాపులో నిలబడి ఆలోచిస్తానంటే బస్సు ఎవరికోసమూ ఆగదమ్మా."

చిట్టి అన్నయ్య వైపు తిరిగింది. "నువ్వు చెప్పన్నయ్యా. నాలుగేళ్ళు చదివితే నిజంగా ఉద్యోగం దొరుకుతుందా? నువ్వెలా చెబితే అలా చేస్తాను."

వాడు, నిజం చెబితే తండ్రి ముఖం ఎలా మారుతుందో ఒక్కసారి ఊహించుకున్నాడు. "దొరుకుతుందిలే" అన్నాడు. చిట్టి సరేనని, సబ్బు పళ్ళన్నీ డబ్బాలో పెట్టి బీరువా మీదికి ఎక్కించింది. ఆ డబ్బా చూసినప్పుడల్లా వాడికి చెల్లెలి జీవితానికి తన చేతులతో మూతపెట్టినట్టు అనిపించేది. వర్క్‌షాపావిడ సోమవారం దాకా చూసి ఇంకొకర్ని పెట్టుకుంటానంది. కాలేజీలో చేరాల్సిందీ ఆ సోమవారమే.

ఆ పొద్దున నలుగురూ బయల్దేరారు. పాత లెక్చరర్లకి చెల్లెల్ని పరిచయం చేస్తాడని కొడుకుని కూడా రమ్మన్నాడు డ్రైవరు. తీరా చూస్తే మెట్లకి కొత్తగా సిమెంటు చేస్తున్నారు. మేస్త్రీ చెక్క అడ్డంపెట్టి, "రేపటిదాకా కాలు పెట్టకండి బాబూ" అన్నాడు. కొడుక్కి ఇక దారిలేదు. మిగతా ముగ్గురితో కలిసి ఒక్కసారే లిఫ్టెక్కి మూలకి ఒదిగి నిలబడ్డాడు.

గంట మోగింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ముందు తల్లి దిగింది. "నేనేనండీ. షుగరు పెట్టుకుని బియ్యం డబ్బా వెనక బిస్కెట్లు దాచుకు తింటున్నాను" అంది. అలాంటి చిన్నాచితకా సంగతుల్ని ఆ లిఫ్టు ఏనాడూ లెక్కచేయలేదు. గంట ఆగలేదు.

డ్రైవరు దిగాడు. "డిపోలో నువ్వు మేనేజరువైపోయావని చెప్పాన్రా. ఏదో సంతోషంకొద్దీ." గంట ఆగలేదు.

చిట్టి తలవంచుకుని దిగింది. "నాన్నా, నాకా కాలేజీకి వెళ్ళాలని లేదు. అన్నయ్య చెప్పాడని సరేనన్నాను."

ఆరుగురు పట్టే లిఫ్టులో వాడొక్కడే మిగిలాడు. గంట మోగుతూనే ఉంది. బయట ముగ్గురూ నిలబడి చూస్తున్నారు. బిల్డింగు మర్యాద కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే వాడికి అంత కష్టమయ్యేది కాదు.

"నేను ఇంజనీర్ని కాను" అన్నాడు వాడు. "పెట్టెలకి లేబుళ్ళంటిస్తాను. మొదట్నుంచీ అదే పని."

గంట ఆగిపోయింది. తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి ఉద్యోగం దొరుకుతుందన్నావుగా అన్నయ్యా?" అంది చిట్టి. దాని గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండుననిపించింది వాడికి.

"నాతో చదివినవాళ్ళలో కొంతమందికి దొరికింది. వాళ్ళకి యంత్రాలంటే పిచ్చి. సెలవుల్లో కూడా ఏదో ఒకటి విప్పుతూ కూర్చునేవాళ్ళు. నేను పరీక్షకి చదివాను, పాసయ్యాను, అంతే. నీకా పిచ్చి పళ్ళ మీద ఉంది. నాకు తెలిసుండీ అలా చెప్పాను. తప్పు చేశాను."

చిట్టి లోపలికి పరుగెత్తి, బీరువా మీది డబ్బా దింపుకుని వచ్చి లిఫ్టెక్కింది. తల్లి ఎక్కింది. గంట లేదు. డ్రైవరు ఒక కాలు లోపల పెట్టాడు.

మోగింది.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇంటరయ్యాక, ఏం చదవాలో తేలట్లేదు, ఒక్క ఏడాది ఆగుతానని కొడుకు అడగడం ఆయనకి గుర్తొచ్చింది. బస్సు ఎవరికోసమూ ఆగదని ఆ రోజు కూడా అన్నాడు. "మీరు వెళ్ళి రండి. అమ్మాయికి ఆలస్యమవుతుంది" అని గోడ పట్టుకుని నిలబడ్డాడు. తలుపు మూసుకుంది. కిందికి దిగాక చిట్టి కాలేజీ వైపు కాదు, బజారు వైపు తిరిగింది.

మర్నాటికి సిమెంటు ఆరింది. నీలం కోటు ఉతకడానికి ఇంటికి తేవాలనుకుంటూ గోడౌనుకి బయల్దేరిన కొడుకు, లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి కర్ర పట్టుకుని బయటికొచ్చి, లిఫ్టు దాటి మెట్ల వైపు నడిచాడు.

"నాన్నా, ఇటు."

"నువ్వెళ్ళరా. మెట్లు దిగితే ఒంటికి మంచిది" అన్నాడు తండ్రి.

ఆ మాట ఎక్కడిదో వాడికి తెలుసు. తలుపు వదిలేసి వచ్చి తండ్రి చేతిని తన భుజం మీద వేసుకున్నాడు. ఇద్దరూ ఒక్కో మెట్టే దిగసాగారు. మూడో అంతస్తు దగ్గర డ్రైవరు ఆగి, మోకాళ్ళు నిమురుకుని, చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒక్క ఏడాదేగదరా నువ్వడిగింది."

"ఊ" అన్నాడు కొడుకు.

లిఫ్టు వచ్చి ఆ అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. డ్రైవరు దానివైపు చూశాడు. కొడుకు భుజాన్ని ఇంకా గట్టిగా పట్టుకుని తర్వాతి మెట్టు మీద కాలు పెట్టాడు.