గెడ్డలో పోయిన లాంతరు

పోనీ కథలోంచి ఎలుగొడ్డును తీసేసి నక్కను పెడితే ఒప్పుకుంటుందేమో మౌనిక, నక్క చూడ్డానికి కాస్త చదువుకున్న జంతువులా ఉంటుంది, అయినా ఆ పిల్ల అడిగింది జంతువును మార్చమని కాదు, మొత్తం కథలే ఎత్తేయమని, పొద్దున్న అరకులో రైలు దిగీ దిగకముందే హైదరాబాదులో పుస్తకాలు అచ్చువేసే కంపెనీ నుంచి ఆ పిల్ల ఫోను, సార్, మీ కంప్యూటరు పుస్తకం కొత్త ముద్రణకి అన్నీ రెడీ, మీ కథలొక్కటే అడ్డం, ఇప్పటి పిల్లలకి అంత టైము లేదు సార్, ప్రోగ్రాములు తప్పుల్లేకుండా ఎలా రాయాలో చెప్పి ఆపేద్దాం, సాయంత్రంలోగా సరే అనండి, లేదంటే మావాళ్లు ఇంకొకరి పుస్తకం వేసుకుంటామంటున్నారు, ఇంత మర్యాదగా పీక నొక్కడం ఏ కాలేజీలో నేర్పుతారో అనుకుంటూ వరహాలరావు బోర్డు మీద ఇంకో వరుస రాశాడు, ఒక పూట పాఠం చెప్పమని పిలిచిన అరకు కాలేజీలో కంప్యూటరు గది, ఎదురుగా పిల్లలు, ఈ పూట ఒక్క కథ కూడా చెప్పకుండా పాఠం నడిపి చూడాలి, పిల్లలకి ఎక్కిందా, మౌనికకి సరే అనేయాలి, ఎక్కకపోతే ఏం చెయ్యాలో మాత్రం తెలియదు, అరవై దాటాక ఇంకో పుస్తకం రాసే ఓపిక ఎవడికుంది, ఇదే ఊరి సంతలో ఉప్పు అమ్మినవాడి కొడుకు తను, వీధిబడి చదువు, విశాఖలో ఓ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి, అక్కడి కంప్యూటరును, ఆ రోజుల్లో అది ఎంత పెద్దదంటే వానొస్తే దాని చూరు కింద నిలబడేవాళ్లమని చెబుతుంటాడు, మెల్లగా మచ్చిక చేసుకుని, తనకొచ్చిన వీధిబడి ఇంగ్లీషులోనే పుస్తకం రాస్తే అది అమీర్‌పేటంతా పాకింది, అసలు పుస్తకం కంటే జిరాక్సులు ఇంకా బేగి పాకాయి, మొదటి ముద్రణలో పడ్డ ఒక అచ్చుతప్పును దేశంలో కుర్రాళ్లందరూ ఎంత భక్తిగా ఎక్కించుకున్నారంటే, ఆ తప్పు బెంగళూరులో ఉద్యోగం సంపాదించి పెళ్లి కూడా చేసుకుందని చెప్పి సభల్లో నవ్విస్తుంటాడు, ఇప్పుడెందుకో తనకే నవ్వు రావడం లేదు.

ఎందుకంటే ఎలుగు గొడవలో పడి బోర్డు మీద పైన ఫైలు మూసేయమని రాశాడు, రెండు వరుసల కింద అదే ఫైలు చదవమన్నాడు, మూసి బీరువాలో పెట్టేసిన పుస్తకాన్ని చదవమన్నట్టు, రాశాక చూసుకున్నాడు, చెరిపేద్దామని చెయ్యెత్తి ఆగాడు, ఎవరైనా చెబుతారేమో చూద్దాం, ఏటమ్మా, ఎవరికైనా అనుమానాలున్నాయా, లేవు సార్, అందరూ ఒకే గొంతుతో, ముందు బెంచీలో సోని అనే గుంట, పై ఊళ్లో కాఫీ తోట వాళ్లమ్మాయి, తప్పును ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుని దాని కింద స్కేలు పెట్టి గీత కూడా కొట్టింది, అర్థమైందా అమ్మా, అయింది సార్, ఆ కళ్లలో మర్యాద చూస్తే భయం వేసింది, ఇన్నేళ్లూ తను నేర్పింది ఇదేనా, కాగితం మీద ఏం పడితే అది దించుకోవడం, అలాగైతే మౌనిక మాటే నిజం, కథలూ అక్కర్లేదు, తనూ అక్కర్లేదు, ఒక జిరాక్సు మిషను చాలు.

అంతలో కరెంటు పోయింది, యూపీఎస్సులు కోడిపిల్లల్లా కీచుమని ఊరుకున్నాయి, రేకుల మీద వాన దబదబలాడుతోంది, కిటికీ బయట సిల్వరోకు చెట్లు మబ్బులో సగం మునిగాయి, వెనక బెంచీలోంచి ఎవరో, సార్, మీ పుస్తకంలో కథలుంటాయంట గదా, ఒకటి సెప్పండి సార్, వద్దు వద్దు అని మనసు అంటూనే ఉంది, నోరు ఎప్పుడో మొదలెట్టేసింది, నేనూ నా నేస్తం గాసిగాడూ చిన్నప్పుడు సంత నుంచి వస్తున్నాం, ఎండాకాలం గాలివాన, గెడ్డ పొంగింది, దాటుతుంటే చేతిలో లాంతరు జారి కొట్టుకుపోయింది, చీకట్లో అవతలి ఒడ్డెక్కితే దారికడ్డంగా ఎలుగొడ్డు, ఇప్పపువ్వు మెక్కి మత్తులో ఉంది, బాబూ బీడీ ఉందా అంది, గాసిగాడు వణుక్కుంటూ ఇచ్చాడు, అది లాంతరు గ్లాసు పైకెత్తి బీడీ ముట్టించుకుని, రెండు దమ్ములు లాగి, మీ నాన్న ఉప్పులో ఇసుక కలుపుతున్నాడంట, నిజమేనా అని నన్నడిగింది, పిల్లలు గొల్లుమన్నారు, ఆ నవ్వుల మధ్యలోంచి ఒక చెయ్యి లేచింది, ఆగండి సార్, అంది సోని, లాంతరు గెడ్డలో పోనాదన్నారు గదా, మరి ఎలుగొడ్డు బీడీ దేనితో ముట్టించింది.

వరహాలరావు గతుక్కుమన్నాడు, ఓసి గుంటా, ఎలుగు మాట్లాడిందంటే నమ్మేశావు, లాంతరు దగ్గర పట్టుకున్నావేటి, ఎలుగొడ్డు మీది సార్, మాటాడించుకోండి, పాట పాడించుకోండి, మీ ఇష్టం, పోయిన లాంతరు మాత్రం పోయినట్టే ఉండాల గదా, అబ్బే, ఒడ్డున ఇంకో లాంతరు ఉందమ్మా, చెప్పడం మర్చిపోయాను, ఇప్పుడు కొంటన్నారేటి సార్, గది మళ్లీ గొల్లుమంది, తోటలో కాఫీ పళ్లు కోసేటప్పుడు మా సోములమ్మత్త ఇంతకన్నా పెద్ద అబద్దాలు సెప్తాది సార్, పొసగని మాట దొరికిందంటే మా బుట్ట ఆవిడే మోయాల, అందుకే సెవులు అక్కడే పెట్టుకుంటాం, మీరూ నా బుట్ట మోయాల, అంటూ నవ్వుతున్న పిల్ల చూపు మసక వెలుతుర్లో బోర్డు మీద పడింది, నవ్వు ఆగింది, పెదాలు కదిలాయి, సార్, అదీ అంతే గదా, పైన మూసీసిన ఫైలు కింద ఎలా సదువుతాది.

ఒక్కసారిగా నోటుపుస్తకాలన్నీ తెరుచుకున్నాయి, అవును సార్, అవును సార్, రబ్బర్లకి వెతుకులాట, వరహాలరావు సోని వైపు తిరిగాడు, మరి ఇందాకే ఎందుకు చెప్పలేదమ్మా, బోర్డు మీద రాసేరు గదా సార్, మరి కథలో ఎలా చెప్పావు, కథంటే మీరు ఊరికే సెప్తన్నారు గదా, అని తల వంచుకుంది, ఊరికే, ఎంత మాట, జేబులో సెల్లు మోగుతోంది, మాట తెగకుండా వినిపించేది కిటికీ దగ్గరే, అక్కడికి నడిచాడు, సార్, మౌనిక గొంతు, తీసేస్తున్నాం కదా, లేదమ్మా, ఒక్కటి కూడా తీయను, పైగా ప్రతి కథలో ఒక పొసగని మాట పెడతాను, ఎక్కడుందో చెప్పను, మీరు వేయకపోతే విశాఖలో నేనే అచ్చు వేయించుకుంటాను, అటువైపు నుంచి మెల్లగా, ఒక కథ పంపండి సార్, దొరుకుతుందేమో చూస్తాను, ఆ గొంతులో పట్టుదల విని నవ్వుకున్నాడు, ఇన్నేళ్లూ పిల్లలు కునుకు తీయకుండా కథలు చెబుతున్నాననుకున్నాడు, కాదు, పాఠం దగ్గర తను బోర్డంత ఎత్తున నిలబడితే పిల్లలు తలెత్తరు, కథ దగ్గర తను వాళ్ల పక్కన చాప మీద కూర్చుంటాడు, తప్పు సార్ అనే మాట ఎవరి నోట్లోంచైనా మొదటిసారి బయటికొచ్చేది ఆ చాప మీదే.