భువన గారి గెస్టు

అన్నం కలుపుతుండగా భువన ఫోను మోగింది. ఎడమచేత్తో తీసి చెవికి ఆనించుకుంది. "అయ్యో, అంత శ్రమెందుకండీ" అని ఒకసారి, "మీరు భలేవారే" అని ఇంకోసారి నవ్వింది. మహీధర్ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అవతలిది మగగొంతు. అదీ తెలుగులో. "భువన గారూ" అన్న పిలుపు బల్లకు ఇటువైపు కూర్చున్న అతనిదాకా వినిపించింది.

"ఎవరు?" అన్నాడు, ఆమె ఫోను పెట్టేశాక.

"ఆకాష్ అని, మా హోస్టు. కాసినోలో మెంబర్ల మంచిచెడ్డలు చూస్తాడు. గురువారం నా బర్త్‌డే కదా, వాళ్ల హోటల్లో రూము ఇస్తున్నారట. డిన్నరు కూడా. నాకూ, నాతో వచ్చే ఒక గెస్టుకీ."

"మా" హోస్టట. ఆ ఒక్క అక్షరం అతనికి పంటికింద రాయిలా తగిలింది.

కాసినో సంగతి అతనికి కొత్తేమీ కాదు. కూతురు తన్మయి బడికీ, తను సైన్స్ పార్క్‌లోని ఆఫీసుకూ వెళ్లాక, జురాంగ్ ఈస్ట్ ఫ్లాట్‌లో భువనకు మధ్యాహ్నాలు గడిచేవి కావు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం మానేసి అతని వెంట ఈ పరాయి దేశం వచ్చిన మనిషి. ఎవరో స్నేహితురాలు ఒకసారి సరదాగా తీసుకెళితే వీడియో పోకర్ రుచి మరిగింది. మిషను అయిదు పేకముక్కలు చూపిస్తుంది. ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో ఆడేవాళ్లు తేల్చుకోవాలి. సభ్యుల కార్డు మిషనులో పెట్టి ఆడితే, గెలుపోటములతో పనిలేకుండా, ఆడినంత మేరకు పాయింట్లు పడతాయి. ఆ పాయింట్ల మీదే బఫే కూపన్లు, షో టికెట్లు. భువన చిన్న పందేలే ఆడేది, హద్దు దాటేది కాదు. ఆ కూపన్ల మీద మహీధర్ కడుపునిండా పీతలు తిన్నాడు, ఫ్రీగా వచ్చిన టికెట్ల గురించి ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. అవన్నీ మిషను కడుపులోంచి రాలిపడుతున్నాయనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. వాటి వెనక ఒక మగవాడు ఉన్నాడనీ, వాడు ఫోన్ చేస్తే తన భార్య ఇలా నవ్వుతుందనీ అతనికి ఎప్పుడూ తట్టలేదు.

"నీ బర్త్‌డే వాడికెలా తెలుసు?"

"కార్డు తీసుకున్నప్పుడు రాసిచ్చాను. సముద్రం వైపు రూము ఇమ్మని చెప్పాడట. నాకు అదిష్టమని."

"అది మాత్రం వాడికెలా తెలుసు?"

"అడిగాడు, చెప్పాను."

తన్మయి తలెత్తి తండ్రి ముఖంలోకి చూసి, బడిలో అంటిన ఇక్కడి ఇంగ్లిష్ యాసలో కిసుక్కున నవ్వుతూ అంది: "పప్పా, యూ జెలస్ లా!"

"నోర్మూసుకుని తిను" అన్నాడు మహీధర్.

ఆ వారమంతా అతనికి ఆఫీసులో పని మీద మనసు నిలవలేదు. ఆకాష్ ఎలా ఉంటాడో ఊహించుకున్నాడు. పొడుగ్గా, నున్నగా గడ్డం గీసుకుని, సెంటు కొట్టుకుని ఉంటాడు. రోజుకు ఎన్నిసార్లు ఫోన్ చేస్తాడో! ట్రైన్‌లో నిలబడి ఊరికే భువనకు ఫోన్ కలిపేవాడు. లైను ఎంగేజ్ వస్తే ఆ రోజంతా పాడయ్యేది.

గురువారం తన్మయిని హౌగాంగ్‌లో స్నేహితురాలి ఇంట్లో దింపి, ఇద్దరూ హోటలుకు వెళ్లారు. కౌంటరులోని అమ్మాయి భువనకు వంగి మరీ స్వాగతం చెప్పి, మహీధర్ వైపు తిరిగి, "యువర్ గెస్ట్, మేడం?" అంది. ఆఫీసులో అతను బ్యాంకుల సాఫ్ట్‌వేరు పరీక్షించే పెద్ద టీముకు మేనేజరు. ఇక్కడ మాత్రం పాస్‌పోర్టు తీసిచ్చి గెస్టుగా పేరు రాయించుకున్నాడు.

ఆకాష్ వచ్చాడు. పొడుగేమీ కాదు. కాస్త బొద్దుగా, కళ్లజోడుతో, ముప్పై దాటని కుర్రాడు. చేతులు జోడించి, "రండి భువన గారూ! హ్యాపీ బర్త్‌డే!" అంటూ ఒక అట్టపెట్టె అందించాడు. మూత తీసి చూస్తే కొబ్బరి లౌజులు.

భువన అక్కడికక్కడే ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొకటి తీసుకుంది. ఏటా అతను చాక్లెట్ కేకు తెస్తాడు. ఏటా భువన ఒక చిన్న ముక్క తిని మిగతాది తన్మయికి ఇచ్చేస్తుంది. డైటింగ్ కాబోలనుకునేవాడు.

రూములో భువన కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని ఓడలను చూస్తూ కూర్చుంది. "ఇప్పుడే వస్తా" అని మహీధర్ కిందికి దిగాడు. తనకూ ఒక కార్డు చేయించుకుని, వీడియో పోకర్ మిషను ముందు కూలబడి, ఒక్కో ఆటకు ఎంత పందెం కాయనిస్తుందో అంతా కాయడం మొదలుపెట్టాడు. ఏ ముక్క ఉంచాలో, ఏది వదలాలో ఆలోచన లేదు. ఆకాష్ పరుగెత్తుకు రావాలి, "మహీధర్ గారూ" అనాలి, అంతే. పర్సు ఖాళీ అవుతున్నకొద్దీ పట్టుదల పెరిగింది.

చివరికి ఆకాష్ వచ్చాడు.

"సార్, మీ కార్డు సరిగ్గా పెట్టలేదు. లైటు వెలగలేదు చూడండి. ఇప్పటిదాకా ఆడినదానికి ఒక్క పాయింటు కూడా పడలేదు."

మహీధర్ ముఖం కందగడ్డ అయింది. కార్డు లాగి జేబులో కుక్కుకుని లేచాడు.

"ఒక సంగతి చెప్పవయ్యా. మా ఆవిడకు అస్తమానం ఫోన్లెందుకు?"

ఆకాష్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సార్, అది నా పని కదా. స్క్రీన్ మీద పేర్లు వస్తాయి. ఈ వారం ఎవరి బర్త్‌డే, ఎవరు రావడం తగ్గించారు, అన్నీ వస్తాయి. నేను కాల్ చేస్తాను. వీడియో పోకర్ వాళ్లకి పాయింట్లు స్లోగా పెరుగుతాయి సార్, విసుగొచ్చి మానేస్తారు. అందుకే మధ్యలో పలకరించాలి. నేను ఇక్కడే పుట్టాను లా, తెలుగు మా అమ్మమ్మ నేర్పింది. తెలుగు కస్టమర్లందర్నీ నాకే ఇస్తారు."

"అంటే అందరితోనూ ఇలాగే మాట్లాడతావా?"

"అందరితోనూ సార్. కానీ వచ్చే నెల నుంచి నేను వేరే సెక్షన్‌కి వెళ్తున్నాను. మేడంకి ఇంకొకరు వస్తారు."

మహీధర్‌కు లిఫ్టు ఆలస్యంగా నడుస్తున్నట్టనిపించింది. గదిలోకి అడుగుపెడుతూనే, "విన్నావా, నీ ఆకాష్‌కి నువ్వు స్క్రీన్ మీద ఒక పేరువి, అంతే. జీతం కోసం మాట్లాడుతున్నాడు. వచ్చే నెల వేరే సెక్షన్‌కి పోతున్నాడు కూడా" అన్నాడు. ఆ ఉత్సాహం అతని గొంతులో దాగలేదు.

భువన కిటికీ మీంచి చూపు తిప్పలేదు. "తెలుసండీ. జీతం తీసుకోకుండా ఎవరు చేస్తారు?"

"మరి?"

"మరేముంది! బ్యాంకులో ఉన్నప్పుడు అందరూ గారు అనేవారు. ఇక్కడికొచ్చాక తన్మయి మమ్మీని, మీ మిసెస్‌ని. జీతానికైతేనేం, నీకేమిష్టమని ఒకడు అడిగాడు. నాకు బావుంది." ఇటు తిరిగి, "మీరు కిందకెళ్లి ఏం చేశారు?" అంది.

"డిన్నరుకు టైమైంది" అంటూ అతను తలుపు తీశాడు. డిన్నరులో పీతలున్నా అతనికి సహించలేదు.

తర్వాతి నెల ఆకాష్ మారిపోయాడు. మహీధర్‌కు కొన్నాళ్లు హాయిగా నిద్రపట్టింది. ఒక ఆదివారం భువన ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఒక చైనీస్ అమ్మాయి, ఇంగ్లిష్‌లో. భువన అదే నవ్వు నవ్వింది, ఏమాత్రం తేడా లేకుండా. మహీధర్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పడేశాడు. మగవాడు కాడు, తెలుగు కాదు, ఇంకెందుకు ఈ ఏడుపు? ఆ నవ్వు తనతో మాట్లాడేటప్పుడు ఎప్పుడు వినిపించిందా అని గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

రెండురోజులు మథనపడి, "బుధవారం సెలవు పెడతాను. నన్నూ తీసుకెళ్తావా?" అన్నాడు.

"ఆడ్డానికా?"

"కాదు. నువ్వాడుతుంటే చూద్దామని."

"బాబోయ్, మీరు పక్కన కూర్చుంటే నా చెయ్యి ఆడదు" అంది భువన. మళ్లీ ఏమనుకుందో, "అయిదింటికి మన స్టేషన్ దగ్గర హాకర్ సెంటర్‌కి రండి, అక్కడ తిందాం. వాళ్ల కూపన్ వద్దులెండి" అంది.

బుధవారం అతను ముందే వెళ్లి, ఆ తిండి దుకాణాల మధ్య ఖాళీ బల్ల మీద, అక్కడ అందరూ చేసినట్టే టిష్యూ ప్యాకెట్ పెట్టి రెండు సీట్లు ఆపి, నూడుల్స్ తెచ్చాడు. భువన ఆలస్యంగా వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు తెచ్చింది తను కాదని అతనికి తెలుసు, తెలిసిన కొద్దీ లోపల చురుక్కుమంటూనే ఉంది.

"మూడు ఇస్పేటు ముక్కలు వచ్చాయండీ, వరసలో. చేతిలో జత కూడా ఉంది. ఎవరైనా జతే ఉంచుకుంటారు. నేను దాన్ని విడగొట్టేశాను, ఇంకో రెండు ఇస్పేట్లు వరసలో కలుస్తాయని!"

ఎందుకు విడగొట్టిందో అతనికి సగమే అర్థమైంది. చల్లారుతున్న నూడుల్స్ పక్కకు జరిపి, ముందుకు వంగాడు.

"తర్వాత? ఏ ముక్కలొచ్చాయి?"