ఇనప టోపీ మీద డేగపుంజు

మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన కువైటీ యజమాని, అబూ నాసర్‌కి ఏం పుట్టిందో ఏమో, కార్ల సొట్టలు తీసుకునే నాచేత ఇనప టోపీ చేయించాలనుకున్నాడు. ఫోన్లో బొమ్మ చూపించాడు. అయిదారు వందల ఏళ్ల కిందట యూరప్‌లో ఎవరో వేసిన యుద్ధం బొమ్మట. అందులో సైనికులందరి నెత్తినా ఏవో జంతువులే! ఒకడి టోపీని వేలితో చూపించి, "దుర్గారావ్, ఇది నా దివానియాలో పెట్టాలి. మియా మియా, నూటికి నూరుపాళ్లూ కుదరాలి. అవ్వగానే నీకు ఇజాజా" అన్నాడు. దివానియా అంటే ఆయన స్నేహితులొచ్చి కూర్చునే సావిడి. ఇజాజా అంటే సెలవు. నాకు ఆ రెండో మాటే వినపడింది.

మా ఆవిడ పద్మశ్రీకి ఎనిమిదో నెల. మొదటి పిల్ల పుట్టినప్పుడు నేను ఇక్కడే కువైట్‌లో, ఈ సబ్హాన్ షెడ్డులోనే, ఎవరిదో బండి కింద పడుకుని ఉన్నాను. ఈసారి పక్కనుంటానని, టోపీ అవ్వగానే వచ్చేస్తానని మాటిచ్చాను.

సరే, చేద్దామంటే ఆ నెత్తిమీదది ఏ జంతువో తెలిస్తేగా! జూమ్ చేస్తే బొమ్మంతా అలుక్కుపోతోంది.

"అడివిపంది గదబ్బీ, మూతి సూడు" అన్నాడు మా పెయింటర్ బాలసుబ్బయ్య. ఆయనది రాయచోటి.

వెల్డర్ అజ్మతుల్లా "మచ్లీ హై భాయ్" అని తేల్చేశాడు. చేపట, నా మొహం! ఫోన్ అడ్డంగా తిప్పి చూశాను, తలకిందులుగా చూశాను. మనిషి నెత్తిన జంతువు కూర్చుందో, జంతువు నోట్లోంచి మనిషి చూస్తున్నాడో కూడా అర్థం కాలేదు. అబూ నాసర్‌ని అడిగితే, "హైవాన్! ఏదో జంతువు! బొమ్మలో ఎలా ఉంటే అలా చెయ్యి, యల్లా, కానివ్వు!" అని కసిరాడు. ఆయనకీ తెలీదు, అదీ సంగతి.

చూడగా చూడగా, పైనున్న ఎర్ర రంపంలాంటిది కోడి తురాయిలా కనిపించింది. మాది భీమవరం పక్క. పుంజుని నేను పోల్చుకోలేకపోతే ఇంకెవడు పోలుస్తాడు?

పాత బానెట్ రేకు కోసి, సుత్తితో కొట్టి కొట్టి పుంజుని దింపాను. బాలసుబ్బయ్యచేత డేగ రంగు, అదే పందెం పుంజుల ఎరుపు, వేయించాను. అంతటితో ఊరుకోవచ్చుగా! కాలు బోసిగా కనబడింది. చిన్న రేకుముక్క సానబట్టి కాలికి కత్తి కట్టేశాను.

"బొమ్మలో కత్తి యాడుందప్పా? ఆయప్పకు కోపమొస్తే నీ సెలవు పాయె!" అన్నాడు బాలసుబ్బయ్య.

"కత్తి లేకుండా పందెం పుంజేటండీ బాబూ!" అన్నాను గానీ సెలవు మాట గుర్తొచ్చింది. ఊడబీకేద్దామని పట్టకారు అందుకునేలోపే అబూ నాసర్ వచ్చేశాడు.

టోపీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కత్తి దగ్గర ఆగాడు. బొమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు. తిడతాడో నవ్వుతాడో తేలలేదు.

"ఇదేంటి?"

మా ఊళ్లో పందెం పుంజులకి కడతారని వచ్చిన అరబ్బీలో చెప్పాను. అంతే, టోపీ నెత్తిన పెట్టుకుని నా భుజం చరిచాడు. "ముమ్తాజ్! అద్భుతం! కువైట్ మొత్తంలో ఇలాంటిది ఎవడి దగ్గరుంది!"

హమ్మయ్య అనుకున్నాను. "అయితే నా ఇజాజా, బాబా?"

"ఇప్పుడు నిన్నెలా పంపుతాను? ఈ పని ఇంకెవడికొచ్చు?" అని, బొమ్మలో మిగిలిన సైనికుల్ని ఒక్కొక్కణ్ణీ చూపించాడు. "ఇదీ, ఇదీ, ఇదీ. అన్నీ అయ్యాక వెళ్దువుగాని."

నేను తప్పు చేశానో ఒప్పు చేశానో ఇప్పటికీ బోధపడటం లేదు. ఆ కత్తి కట్టకపోతే పంపేవాడా? చెత్తగా చేసుంటే? ఒళ్లు మండిపోయింది, కానీ ఎవరి మీదో తెలీలేదు.

మధ్యాహ్నం పద్మశ్రీ ఫోన్ చేసింది. "ఏవండీ, టోపీ నచ్చిందా ఆయనకి?"

"చాలా నచ్చింది" అన్నాను.

అసలు సంగతి చెప్పేలోపే, "అమ్మా, ఆయన వచ్చేత్తున్నారే!" అని వాళ్లమ్మని కేకేసింది.