ముప్పై సెంటీమీటర్ల అడుగు

నిన్నే అంటున్నాను. ఆ నవ్వు ఆపి విను. కొలిచి ఇవ్వాల్సిన చోట గోరంత తగ్గించి, "ఆ మాత్రానికే ఏమవుతుందిలే" అని చేతులు దులుపుకుంటావే, ఆ గోరంత ఎక్కడికి పోయిందనుకుంటున్నావు? గాల్లో కలిసిపోయిందనా? ఒకరింట్లో తగ్గిన ముక్క తగ్గించినవాడి ఒంట్లోనే కోత పడుతుంది. గోపీనాథ్‌కి పడినట్టు. నమ్మకపోతే నీ ఇష్టం. మధ్యలో మాత్రం లేవకు.

నరసరావుపేట దాటాక వినుకొండ రోడ్డు మీద గోపీనాథ్‌ది నాపరాళ్ళ యార్డు. మాచర్ల నుంచి లారీల్లో రాయి వచ్చి దిగుతుంది. మిషను మీద పలకలు కోయిస్తాడు, ఇళ్ళు కట్టుకునేవాళ్ళు వచ్చి కొనుక్కుపోతారు. ఇల్లు యార్డు వెనకాలే. పొద్దున్నే స్నానం చేసి విభూతి పెట్టుకోవడం, వాకిట్లో కుర్చీ వేసుకుని టీ తాగడం, తర్వాత లోపలికి ఒక కేక వేయడం అతని అలవాటు.

"రోహిణీ, ఈ ప్యాంటు కూడా పొడుగైందే."

భార్య రోహిణి సూదీ దారం తెచ్చి, అతని కాళ్ళ దగ్గర కూర్చుని, కిందటి నెల వేసిన మడత మీదే ఇంకో మడత వేసి కుట్టేది.

"ఇప్పుడన్నీ సెంటీమీటర్లలో కుట్టి చస్తున్నారు," అనేవాడు గోపీనాథ్. "మనమేమో అంగుళాల మనుషులం. ఎట్టా సరిపోతాయి?"

రోహిణి పంటితో దారం తెంపేది. అతను పొట్టివాడవుతున్నాడని ఆమెకి తెలుసు. వీధిలో అందరికీ తెలుసు. మంగలి అతని కోసం కుర్చీ చేతుల మీద చెక్క వేస్తాడు. ఎదురింటి రామాయమ్మ పూలు కోస్తూ, "మీ ఆయన ఈ చలికాలం ఇంకాస్త తగ్గాడేమే," అని, కుళాయి వచ్చిందా అని అడిగినంత మామూలుగా అడిగిపోయేది. రాళ్ళ వ్యాపారంలో అది ఉన్నదే. పక్క యార్డు ముసలాయన చివరి రోజుల్లో గల్లాపెట్టె మీదే చాప పరుచుకుని పడుకునేవాడు. అయినా చోటు మిగిలేది.

తెలియనిదల్లా గోపీనాథ్‌కే. అతని జేబులో ఒక ఇనుప టేపు ఉండేది. యార్డు పేరు అచ్చు వేయించి ప్రత్యేకంగా చేయించుకున్నది. అందులో అడుగంటే సరిగ్గా ముప్పై సెంటీమీటర్లు. అసలు అడుగు అంతకన్నా కాస్త పెద్దది. ఆ టేపు పెట్టే మిషనుకి గుర్తు పెట్టాడు. రెండడుగులని అమ్మే పలక అరవై సెంటీమీటర్లే తెగేది. పలకకి గోరంత తేడా. హాలంతా పరిచేసరికి గోడవారన బెత్తెడు నేల బయటపడేది. ఎవరైనా వచ్చి అడిగితే గోపీనాథ్ నవ్వేవాడు.

"అడుగులకీ మీటర్లకీ ఆ మాత్రం తేడా ఉంటుందమ్మా."

ఆ టేపుతోనే తనను కొలుచుకునేవాడు. ఎప్పుడు కొలిచినా అయిదడుగుల తొమ్మిది అంగుళాలే. మనిషి తగ్గేకొద్దీ జేబులో టేపు కూడా తగ్గేది మరి.

కార్తీకం వెళ్ళాక ఒకరోజు అతని బాబాయి త్రికోటేశ్వరరావు వచ్చాడు. ఎడ్లపాడు దగ్గర సొంతూళ్ళో ఆయన పెద్దమనిషి. శివరాత్రికి ఊరు కోటప్పకొండ దాకా ఊరేగించే ఎత్తయిన ప్రభ పనులన్నీ ఆయనవే. ఒకప్పుడు ఆ ప్రభ ముందు గోపీనాథ్ తండ్రి బుల్లెట్ మీద దారి చేస్తూ వెళ్ళేవాడు. ఆయన పోయాక బండి యార్డులో పట్టా కింద పడి ఉంది, ప్రభ ముందు ఎవరిదో ట్రాక్టరు నడుస్తోంది.

"ఒరేయ్ గోపీ, ఆ ట్రాక్టరు పాటల గోల భరించలేకపోతున్నాం రా," అన్నాడు బాబాయి. "ఈసారి మీ నాయన బుల్లెట్ తీసుకురా. ముందు నడిచేది నువ్వే. కాకపోతే ఊరందరి ముందూ కిక్కు కొట్టి స్టార్టు చెయ్యాల. తోసి స్టార్టు చేసిన బండి స్వామి ముందు నడవకూడదు. కొట్టినవాళ్ళదే ముందు వరస. మీ నాయన పెట్టిన కట్టడే ఇది."

గోపీనాథ్‌కి ఆ పూట అన్నం సహించలేదు. తండ్రి కూర్చున్న సీటు మీద, ఊరంతా చూస్తుండగా, వెనక ప్రభ ఊగుతూ వస్తుండగా కూర్చోవాలన్నది అతనికి నిక్కర్ల నాటి కోరిక.

మర్నాడే పట్టా లాగించి మెకానిక్ కోటేశ్వర్లుని పిలిపించాడు. కోటేశ్వర్లు రెండు పూటలు బండి చుట్టూ తిరిగి నేల మీద చతికిలబడ్డాడు.

"ఇదేంది గోపన్నా, ఈ బండికి ఒక పద్ధతీ పాడూ లేదు! పుట్టడం అంగుళాల్లో పుట్టింది. చేతికి దొరికినవాడల్లా మిల్లీమీటర్ల నట్లు దూర్చిపెట్టాడు. ఈ నట్టుకి పదమూడో నంబరు పానా పెడితే జారిపోద్ది. ఆ పక్క నట్టుకి అరంగుళం పానా ఎక్కనే ఎక్కదు. ఆ మీటరు చూడు, మైళ్ళంట! నలభై చూపిస్తే అరవై మీద పోతున్నట్టు. నాకు తల తిరుగుతోంది."

"నీ తల సంగతి నాకెందుకు రా. శివరాత్రికి బండి లేవాల. కొలతలు నేను తీస్తా, సామాను నేను తెప్పిస్తా. నువ్వు బిగించు చాలు."

గోపీనాథ్ జేబులోంచి టేపు తీసి వెనక బ్రేకు రాడ్డు, క్లచ్ వైరు, మడ్‌గార్డు అన్నీ కొలిచాడు. గుంటూరులో లేతు షాపుకి ఫోనులో చెప్పాడు. సామాను వచ్చింది. రాడ్డు చక్రం దాటి బయటికి పొడుచుకొచ్చింది. క్లచ్ వైరు హ్యాండిల్ కింద ఉరితాడులా వేలాడింది. మడ్‌గార్డు చక్రానికి గొడుగు పట్టినట్టుంది.

"అన్నా, అంగుళాలు చెప్పావా, సెంటీమీటర్లు చెప్పావా?"

"అంగుళాలే చెప్పా."

"వాడు సెంటీమీటర్లు విన్నాడేమో."

"అప్పుడు చిన్నది రావాల గదరా!"

"అవును గదా." కోటేశ్వర్లు పానాతో తల గోక్కున్నాడు. "అయితే మీటర్లు విన్నాడంటావా?"

గోపీనాథ్ మళ్ళీ కొలిచి, ఈసారి సత్తెనపల్లిలో ఇంకో షాపుకి చెప్పాడు. వచ్చిన రాడ్డు మొదటిదానికన్నా పొడుగుంది. కోటేశ్వర్లు అంగుళాలని సెంటీమీటర్లు చేసి చూశాడు, సెంటీమీటర్లని అంగుళాలు చేసి చూశాడు, చివరికి బొగ్గుతో గోడ మీద వేసిన లెక్క అతనికే అర్థం కాక చొక్కాతో తుడిచేశాడు. గోపీనాథ్ షాపులవాళ్ళని ఫోనులో తిట్టాడు. వాళ్ళు పిల్లల మీద ఒట్టేసి, చెప్పిన కొలతకే చేశామన్నారు. రాత్రి పడుకుంటే అతనికి అంగుళాలూ మిల్లీమీటర్లూ చీమల్లా తలలోకి పాకేవి. లోకమంతా ఏదో కొలత తప్పిందని తోచేది. ఆ తప్పింది ఏదో మాత్రం అంతుపట్టేది కాదు.

ఆ గందరగోళం మధ్యలో షారోన్ వచ్చింది. నూజెండ్లలో నర్సు. కొత్తగా కట్టుకున్న ఇంటికి రాళ్ళు ఇక్కడే కొన్నది.

"అన్నయ్యా, మా హాల్లో గోడవారన బెత్తెడు మేర రాయి చాల్లేదని అప్పుడే చెప్పాను. పంపిస్తానన్నారు, పంపలేదు. నిన్న మా అమ్మ కాలు ఆ సందులో ఇరుక్కుని పడింది. తుంటి ఎముక విరిగింది."

గోపీనాథ్ చేతిలో రాడ్డు ఉంది. తల కూడా ఎత్తలేదు. "అయ్యో. మేస్త్రీని అడుగమ్మా, గది పెద్దగా కట్టినట్టున్నాడు. అయినా అడుగులకీ మీటర్లకీ ఆ మాత్రం తేడా ఉంటుంది."

"ఆ తేడా ఇప్పుడు మా అమ్మ తుంటిలో ఉందన్నయ్యా," అని షారోన్ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గోపీనాథ్‌కి గోడ మీద లైటు స్విచ్చి అందలేదు. కరెంటువాళ్ళు ఎప్పుడు మార్చి పైకి పెట్టారో అనుకుని, స్టూలు తెచ్చుకుని వేసుకున్నాడు.

షారోన్ అన్న మాటలన్నీ కిటికీ వెనక నుంచి రోహిణి వింది. మర్నాడు జాకెట్లు కుట్టుకునే టేపు సంచిలో వేసుకుని స్కూటీ మీద నూజెండ్ల వెళ్ళింది. మంచం మీద పడుకున్న పెద్దావిడని చూసింది. నేల మీద కూర్చుని సందు కొలిచింది, పలకలు కొలిచింది. తిరిగొచ్చి భర్త జేబులో చెయ్యి పెట్టి టేపు తీసి, బల్ల మీద రెంటినీ పక్కపక్కన పరిచింది.

"చూడండి. మీ అడుగు నా అడుగులో సగానికి కాస్తే ఎక్కువ."

గోపీనాథ్ వంగి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. "నీది సెంటీమీటర్లది అయ్యుంటుంది."

"రెండు వైపులా రెండూ ఉన్నాయి. తిప్పి చూసుకోండి."

అతను తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. "జాకెట్ల టేపుకీ ఇనుప టేపుకీ ఆ మాత్రం..."



"ఇంట్లో ఇన్నాళ్ళూ ప్యాంట్లు మడిచి కుట్టాను, ఒక్క మాట అనలేదు," అంది రోహిణి. "ఇప్పుడంటున్నాను. ఆ టేపు చెరువులో పారెయ్యండి. ఆ ఇంటికి రాళ్ళు పంపి, ఆ తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టి రండి. అప్పుడు బండెక్కండి."

అదుగో, అక్కడ అతనికి దారి ఉంది. విన్నావా? మనిషి అన్నవాడికి అంత సులువైన దారి మళ్ళీ దొరకదు.

"శివరాత్రి వెళ్ళనీయ్, చూద్దాంలే," అన్నాడు గోపీనాథ్. టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు.

రోహిణి కోటేశ్వర్లుని పిలిచి, తన టేపుతో రాడ్డూ వైరూ కొలిచి, అదే లేతు షాపుకి చెప్పింది. వచ్చినవి వచ్చినట్టు కూర్చున్నాయి. "ఓర్నీ!" అని కోటేశ్వర్లు బండికి దణ్ణం పెట్టాడు. బండి స్టార్టు చేసి చూసిందీ రోహిణే. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారు ఈ యార్డులోనే ఆమెకి కిక్కు కొట్టడం నేర్పాడు. "కాలితో కాదమ్మా, ఒంటి బరువంతా వేసి కొట్టాల," అనేవాడు. ఆ మాట ఆమె కాలికి ఇంకా గుర్తుంది. యార్డు చుట్టూ తిప్పి తెచ్చి స్టాండు వేసింది. గోపీనాథ్ ఆ వేళప్పుడు బజార్లో ఉన్నాడు. మందం అట్టలున్న బూట్లు బేరమాడుతున్నాడు.

శివరాత్రినాడు ఊరి మధ్య ప్రభ లేచి నిలబడింది. రంగు గుడ్డలు, అద్దాలు, కరెంటు బల్బులు, పైకి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు. ముందు బుల్లెట్. బాబాయి హ్యాండిల్‌కి పసుపు గుడ్డ కట్టి టెంకాయ కొట్టాడు. గోపీనాథ్ తెల్ల ప్యాంటూ కొత్త బూట్లూ వేసుకుని వచ్చాడు. అరుగు మీది నుంచి సీటు మీదికి ఎక్కాడు.

కాలు చాపాడు. కిక్కు రాడ్డు అందలేదు. ఇంకా చాపాడు. బూటు గాల్లో ఊగింది. సీటు దిగి ఫుట్‌రెస్టు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, అక్కడి నుంచి కిక్కు మీదికి దూకాడు. రాడ్డు అతని బరువుకి సగం దిగి, తిరిగి ఒక్క తన్ను తన్నింది. గోపీనాథ్ వచ్చి బాబాయి చేతుల్లో పడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. డప్పులవాళ్ళు కూడా ఆపి చూస్తున్నారు.

"అందట్లేదు పాపం వాడికి," అన్నాడు బాబాయి, కొమ్మన కాయ అందలేదన్నట్టు. "అమ్మా రోహిణీ, నువ్వు కొట్టు తల్లీ. వేళ మించిపోతోంది."

రోహిణి కొంగు నడుముకి బిగించింది. ఒంటి బరువంతా వేసి ఒక్కటి కొట్టింది. బండి మామగారి నాటి గొంతుతో డుగుడుగుమంది. డప్పులు అందుకున్నాయి.

"కొట్టినవాళ్ళదే ముందు వరస," అని బాబాయి కేకేశాడు. ఊరంతా "చేదుకో కోటయ్యా" అంది. ఆ తర్వాత ఆయన గోపీనాథ్‌ని చంకల కింద చేతులేసి ఎత్తి, పెట్రోలు ట్యాంకు మీద రోహిణి ముందు కూర్చోబెట్టాడు. "హ్యాండిల్ మధ్యలో పట్టుకో రా, పడిపోతావు."

దారి పొడుగునా గోపీనాథ్ ముఖానికి ఎదురుగా మైళ్ళ మీటరు ఉంది. దాని ముల్లు వణుకుతూ ఎంత వేగంతో పోతున్నామంటోందో అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. రోడ్డు పక్కన ఒక తల్లి చంకలో పిల్లవాడికి చూపించి, "చూడు నాన్నా, ఆ అబ్బాయి ఎంత బుద్ధిగా కూర్చున్నాడో," అంది. అతనికి మీసాలున్నాయి. ఆమె వాటిని పట్టించుకోలేదు.

కొండ కింద రోహిణి బండి ఆపి అతన్ని దించింది. "మిషను మీద గుర్తు పొద్దున్నే మార్చేశాను. రేపు షారోన్ వాళ్ళింటికి రాళ్ళు తోలుతున్నాను. అట్టాగే మిగతా ఇళ్ళకీ. యార్డు ఇక నేను చూసుకుంటా," అంది. అతను తలెత్తి ఆమె ముఖం చూడాలనుకున్నాడు. చానా పైకి చూడాల్సి వచ్చింది. సరేనని తలూపి జనంలో పడ్డాడు.

తిరిగి ఆ ట్యాంకు మీద కూర్చోవడానికి మనసొప్పక బస్సెక్కాడు. ఒక సీటు పట్టుకుని పైకి పాకి కూర్చున్నాడు. కండక్టరు వచ్చాడు.

"నరసరావుపేట. ఒక ఫుల్లు."

కండక్టరు అతన్ని తల నుంచి బూట్ల దాకా ఒకసారి చూసి, అర టిక్కెట్టు కొట్టి చేతిలో పెట్టాడు.

"ఫుల్లు ఇవ్వవయ్యా! నాకు నలభై దాటాయి. యార్డు ఓనర్ని నేను. ఫుల్లు టిక్కెట్టు ఇవ్వు," అన్నాడు గోపీనాథ్. "నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇప్పుడేంది అన్నా గొడవ," అన్నాడు కండక్టరు, ఏ కోపమూ లేకుండా. "ఫుల్లుకీ అరకీ ఆ మాత్రం తేడా ఉంటుంది. జరుగు, పెద్దోళ్ళని కూర్చోనియ్యి."

గోపీనాథ్ కిటికీ వైపు జరిగాడు. కాసేపటికి జేబులోంచి టేపు తీసి, ఒక కొస బూటు కింద తొక్కిపట్టాలని చూశాడు. కాళ్ళు నేలకి అందలేదు. మడమకి ఆనించి పట్టుకుని, తల దాకా లాగి, అంకె చూసుకున్నాడు. అయిదడుగుల తొమ్మిది అంగుళాలు.