ఎడమ చక్రం గొట్టం వాంగ్మూలం

నేను ఒక రబ్బరు గొట్టాన్ని. జానెడు పొడవు, చిటికెన వేలంత లావు. పాత స్పోర్ట్స్ కారు ఎడమ ముందు చక్రం దగ్గర, ఇనప పైపులో వచ్చే బ్రేకు ఆయిల్‌ని చక్రం దాకా చేర్చడం నా ఉద్యోగం. నీకూ ఒక ఆత్మకథా అని మూతి తిప్పకండి. ఆత్మకథలు రాసుకున్న మీ పెద్దమనుషుల్లో ఎంతమంది ముప్ఫై ఏళ్లు ఒక మనిషి ప్రాణాన్ని కాపాడుతూ వేలాడారు? పైగా నాది వాంగ్మూలం కూడా. నేరం చేశాను, ఒప్పుకుంటాను. సిగ్గు మాత్రం పడను.

నన్ను ఒక కర్మాగారంలో పొర మీద పొరగా రబ్బరు, నూలు చుట్టి, రెండు చివర్లా ఇత్తడి మరలు బిగించి తయారు చేశారు. గట్టిగా ఒత్తిడి పెట్టి చూసి, పగల్లేదు కాబట్టి మంచిదన్నారు. ఆ తరవాత విశాఖపట్నంలో ఒక స్పేర్ పార్టుల కొట్టు అటక మీద చాలా కాలం దుమ్ము తిన్నాను. ఇలాంటి కార్లు ఊళ్లో ఎవరికున్నాయని కొట్టాయన నన్ను చూసినప్పుడల్లా విసుక్కునేవాడు. ఒక రోజు హైమవతిగారు వచ్చి, నా కొలత కాయితం మీద రాసి చూపించి, నన్ను దింపించారు.

ఆవిడ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఓడ కెప్టెన్ ఒకాయన ఊరు విడిచి వెళ్తూ అమ్మిన కారు అది. ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, పైన టాపు లేదు. పెళ్లి మానుకుని కారు కొన్నదని ఊరంతా ముక్కున వేలేసుకుంది. కొన్నాళ్లకి వేళ్లు నొప్పెట్టాయేమో, వాటంతటవే దిగిపోయాయి. ఆవిడ మాత్రం భీమిలి రోడ్డు మీద సముద్రపు గాలి తింటూ నడుపుతూనే ఉన్నారు.

ముప్ఫై ఏళ్లు గడిచాక నాకు లోపలి పొర ఉబ్బింది. పైకి నున్నగానే ఉన్నాను. ఆవిడ పెడల్ తొక్కితే ఆ జోరుకి ఆయిల్ నాలోంచి దూసుకెళ్లేది. కాలు తీశాక వెనక్కి రావాలంటే ఆ ఉబ్బు అడ్డం పడేది. దాంతో బ్రేకు చక్రాన్ని పట్టుకునే ఉండేది. కారు ఎడమకి లాగేది, చక్రం దగ్గర కమురు కంపు కొట్టేది. అరగంట ఆగితే ఆయిల్ మెల్లిగా జారిపోయి, చక్రం ఏమీ ఎరగనట్టు తిరిగేది.

అదే ఆవిడ కొంప ముంచింది. మెకానిక్ సన్యాసిరావు షెడ్డుకి కారు చేరి, వంతు వచ్చి జాకీ ఎక్కేసరికి చక్రం గిర్రున తిరిగేది. "నాకేటీ కనపడ్డం నేదు మేడంగారూ" అనేవాడు. పైన పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ మార్చాడు. చక్రం దగ్గర బ్రేకు విప్పి కొత్త రబ్బరు సీళ్లు వేశాడు. నన్ను మాత్రం కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బాగానే ఉందన్నాడు. అద్దంలా మెరిసేవాడు మంచివాడే అనుకోవడం మనుషులకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

మూడోసారి కూడా ఏమీ దొరక్కపోయేసరికి హైమవతిగారి అన్నగారు విశ్వపతిరావు తీర్పు చెప్పేశారు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. బ్రేకు మీద కాలు పెట్టుకునే నడుపుతున్నావు. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి హైమా, నీ కాలు ఎక్కడుందో నీకే తెలీడం లేదు. ఈ ఆదివారం కారు కొనే మనిషిని రమ్మన్నాను."

ఆ రోజు మద్దెల నిజంగానే ఓడు. ఆ మద్దెలని నేనే. ఆవిడ కాలు ఎంత తేలిగ్గా వాలుతుందో, ఎంత శుభ్రంగా లేస్తుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. చెప్పడానికి నోరు లేదు. ఆ సాయంత్రం ఆవిడ చెప్పులు విప్పేసి వట్టికాళ్లతో నడిపారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వంగి తన కాలు తానే చూసుకున్నారు. తన మీద తనకే అనుమానం పుట్టింది.

శనివారం పొద్దున్న ఆవిడ తాళంచెవి అన్నగారి చేతిలో పెట్టారు. "షెడ్డు దాకా నువ్వే నడుపు అన్నయ్యా. నువ్వు నడిపినప్పుడు చక్రం పట్టెయ్యకపోతే తప్పు నా కాలిదే. రేపు కారు అమ్మేసుకో, మళ్లీ అడగను."

ఆయన దర్జాగా నడిపారు. నేనూ నా పని నేను చేశాను. రెండు మైళ్లు దాటకుండానే కారు ఎడమకి లాగింది, కమురు కంపు లేచింది. "చూశావా, నీ కాలికి అలవాటు పడిపోయింది బండి!" అన్నారాయన. తప్పు ఒప్పుకోవడం కంటే ఇనుముకి అలవాట్లు అంటగట్టడం తేలిక మరి.

షెడ్డులో ఆవిడ దిగుతూనే, "చల్లారకముందే జాకీ పెట్టు సన్యాసిరావూ" అన్నారు. చక్రం చేత్తో తిప్పితే కదల్లేదు. "మీరు సెప్తే నాను నమ్మనేదు గానండి, నిజంగానే పట్టేసింది!" అని సన్యాసిరావు నోరు తెరిచాడు.

"ముందు గొట్టం పై చివర వదులు చెయ్యి" అన్నారావిడ. చేశాడు. చక్రం కదల్లేదు. "అంటే పైనున్న సిలిండర్‌ది తప్పు కాదు. మళ్లీ బిగించి, కింద చక్రం దగ్గర ఆయిల్ వదిలే నిప్పిల్ విప్పు." విప్పగానే ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం తిరిగింది. "అంటే చక్రం దగ్గర బ్రేకుదీ తప్పు కాదు. ఇక మధ్యలో ఉన్నది ఒక్కటే."

ఇద్దరూ నా వైపు చూశారు. దాక్కోవడానికి చోటు లేదు. సన్యాసిరావు నన్ను ఊడదీసి, బల్ల మీద పెట్టి బ్లేడుతో నిలువునా కోశాడు. నా లోపలి ఉబ్బు అందరూ చూశారు. నొప్పి సంగతి వదిలేయండి, ఆవిడ ముఖం చూశాక నాకు హాయిగా అనిపించింది. వంగిన నడుము నిటారుగా లేచింది.

మధ్యాహ్నానికి పోర్టు రోడ్డు నుంచి కొత్త గొట్టాలు తెచ్చి, నా చోటా కుడివైపు చోటా బిగించి, ఆయిల్ నింపి, అందులో చేరిన గాలి తీశాడు. ఒక చుట్టు తిప్పి తెచ్చి, "ఇంక ఢోకా నేదండి" అని తాళంచెవి అలవాటుగా మగమనిషి చేతికే ఇచ్చాడు.

విశ్వపతిరావుగారు గుప్పిట మూశారు. "సరే, గొట్టమే పోయింది, ఒప్పుకున్నాను. అయినా వయసు వయసే కదమ్మా. ఇది నా దగ్గరుంటుంది. ఎక్కడికి వెళ్లాలన్నా చెప్పు, నేను తీసుకెళ్తాను."

హైమవతిగారు బల్ల మీద చీలి పడున్న నన్ను ఒకసారి చూశారు. తరవాత ఆ గుప్పిటని చూశారు. పోట్లాడలేదు. అన్నగారి చెయ్యి పట్టుకుని, చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ విప్పి, తాళంచెవి తీసుకున్నారు. "ఎక్కు అన్నయ్యా, భీమిలి దాకా వెళ్లొద్దాం" అన్నారు. ఆయన వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నారు.

నేనిప్పుడు షెడ్డు వెనక పాతసామాను డ్రమ్ములో ఉన్నాను. రేపో మాపో తూకానికి పోతాను. పట్టుకున్నది వదలనందుకు నాకు శిక్ష పడింది, న్యాయమే. కానీ నాకు ఒళ్లు ఉబ్బి వదల్లేకపోయాను, కావాలని కాదు. ఆ మాట గట్టిగా చెప్పుకునే హక్కు నాకుంది. మరి కావాలనే గుప్పిట మూసిన అన్నగారో? నన్ను బ్లేడుతో కోయించిన ఆవిడే, ఆయన వేళ్లని చేత్తో విప్పారు. తోడబుట్టినవాడు కదా.